వెళ్లొచ్చిన చోటు గురించి రాయడం ఎలా? యాత్రానుభవాలు పంచుకునేవారికి సమగ్ర మార్గదర్శి

ప్రయాణం చేసొచ్చినవాళ్లకు చెప్పాలనే ఉబలాటం ఉంటుంది, వినేవాళ్లకు వినాలనీ ఉంటుంది. అయినా మధ్యలో ఎక్కడో తేడా కొడుతుంది. నోటితో చెప్పినప్పుడు అందర్నీ నవ్వించిన సంగతే, రాయబోతే ‘ఉదయం ఆరింటికి లేచి స్నానాలు ముగించుకుని బస్సెక్కాము’ అనే వరసలో పడిపోతుంది. చదివేవాళ్లు రెండో పేరాకే విసుగొచ్చి ఫొటోల కోసం కిందికి జారిపోతారు.

ఒక ఊళ్లో చూడాల్సినవేంటో, ఎన్నింటికి తెరుస్తారో, టికెట్ ఎంతో ఫోన్‌లో అర నిమిషంలో దొరికే రోజులివి. దానికోసం మీ రాత దాకా ఎవరూ రానక్కర్లేదు. మీరు వెళ్లిన ఆ రోజున, మీ వయసుకి, మీ భయాలకి, మీ కాళ్ల నొప్పులకి ఆ చోటు ఎలా తగిలిందన్నది మాత్రం ఇంకెక్కడా దొరకదు. దాన్ని దారిలో పోగొట్టుకోకుండా కాగితం మీదికి ఎలా తేవాలన్నదే ఈ మార్గదర్శి. స్వదేశమైనా విదేశమైనా పద్ధతి ఒకటే. తేడా వచ్చిన చోట ఆ సంగతి చెబుతాను.

1. బయల్దేరే ముందు అర పేజీ

రాసే పని తిరిగొచ్చాక మొదలవుతుందనుకుంటాం. పెట్టె సర్దుకునేటప్పుడే మొదలుపెడితే మంచిది. వెళ్లబోయే చోటు గురించి ఇప్పుడు మీ మనసులో ఏముందో అర పేజీ రాసుకోండి. అక్కడ ఎలా ఉంటుందనుకుంటున్నారు? దేనికి టెన్షన్ పడుతున్నారు? అసలు అక్కడికే ఎందుకు వెళ్తున్నారు? ‘ఆఫీసులో ఒకాయన వెళ్లొచ్చాడు, టికెట్లు చవగ్గా దొరికాయి’ అన్నదే అసలు కారణమైతే అదే రాయండి. మొహమాటపడాల్సిన పని లేదు, ఆ కాగితం మీరొక్కరే చూస్తారు.

ఇదెందుకంటే, ఒక్కసారి చోటు చూశామంటే అంతకుముందున్న ఊహ చెరిగిపోతుంది. మళ్లీ తెచ్చుకుందామన్నా రాదు. తాజ్‌మహల్‌నే తీసుకోండి. చూడకముందే దాన్ని వందల ఫొటోల్లో చూసేసి ఉంటాం. ఆ ఫొటోల్లో జనం ఉండరు. తీరా వెళ్లి, బూట్లకి కవర్లు తొడుక్కుని, ముందువాళ్ల వీపులు చూసుకుంటూ క్యూలో అంగుళం అంగుళం జరుగుతుంటే లోపల ఏదో చివుక్కుమంటుంది. కాసేపటికి ఆ చివుక్కుమనడం కూడా పోయి ఇంకేదో మొదలవుతుంది. రాయాల్సింది ఆ మార్పు. ముందు ఏమనుకున్నారో కాగితం మీద ఉంటేనే అది రాయగలరు.

ఎవరి కోసం రాస్తున్నారో కూడా ఇప్పుడే తేల్చుకోండి. వచ్చే నెలలో అక్కడికే వెళ్లబోయేవాళ్లకి వీసా, బస్సు, వాతావరణం వివరాలు కావాలి. ఎప్పటికీ వెళ్లలేనివాళ్లకి మీ కళ్లు కావాలి. ఈసరికే వెళ్లొచ్చినవాళ్లు ‘మాకూ ఇలాగే అయింది’ అనో ‘మాకలా కాలేదే’ అనో పోల్చుకోవడానికి చదువుతారు. అందర్నీ ఒకే రాతలో మెప్పించాలని చూస్తే ఎవరికీ కాకుండా పోతుంది. నన్నడిగితే వెళ్లలేనివాళ్ల కోసం రాయమంటాను. వెళ్లబోయేవాళ్లకి కావాల్సిన సమాచారం చివర్లో విడిగా ఇవ్వొచ్చు.

2. దారిలో నోట్సు

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. దారిపొడవునా మజిలీల సంగతులు ఎప్పటికప్పుడు రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి పంపుతూ వచ్చారు. వాటినే పిళ్లై 1838లో అచ్చువేయించారు. ఊరికీ ఊరికీ దూరమెంత, దారి ఎలా ఉంది, దిగడానికి చోటుందా, సరుకులు దొరుకుతాయా... ఆనాటికి మామూలు విషయాలే ఇవన్నీ. ఇప్పుడు చరిత్రకారులు వెతుక్కునేది సరిగ్గా వాటినే.

దీనికి పక్కన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతాను పెట్టి చూడండి. 1325లో టాంజియర్ వదిలి దాదాపు 30 ఏళ్లు దేశాలు పట్టి తిరిగాడు. అంతా అయ్యాక తను గుర్తు చేసుకుని చెబుతుంటే ఇబ్న్ జుజయ్ అనే పండితుడు రాశాడు. 1355లో అది పూర్తయింది. అందులో డమాస్కస్, మక్కా వర్ణనల్లో చాలా భాగం అంతకుముందే ఆ చోట్లకి వెళ్లొచ్చిన ఇబ్న్ జుబయ్‌ర్ రాతల్లోంచి వచ్చిందని తర్వాతి పండితులు తేల్చారు. గుర్తులేని చోట ఇంకొకరి మాటలు వచ్చి కూర్చుంటాయి. మనకైతే ఇంటర్నెట్‌లో చదివిన మాటలు వచ్చి కూర్చుంటాయి, అంతే తేడా.

కాబట్టి అదే రోజు రాసుకోండి. రాత్రి పడుకోబోయే ముందు పావుగంట చాలు. ఓపిక లేకపోతే ఫోన్‌లో వాయిస్ రికార్డు చేయండి. మాట్లాడేటప్పుడు భాష కూడా సహజంగా వస్తుంది, తర్వాత రాయడానికి అదే మంచి ముడిసరుకు. పూర్తి వాక్యాలు అక్కర్లేదు. ఏం రాసుకోవాలన్నది మాత్రం ముఖ్యం.

అక్కడున్న వస్తువుల పేర్లు, బోర్డుల మీద రాసినవి, ఎవరైనా అన్న మాట అన్నట్టుగానే. వాసనలు, చప్పుళ్లు, ఎండ ఎటు నుంచి పడుతోంది. ఎంతసేపు ఎదురుచూశారు, ఆ ఎదురుచూపులో చుట్టుపక్కల ఏం జరిగింది. ఎంత డబ్బు, ఎవరికి, దేనికి. దారి తప్పితే ఎక్కడ తప్పారు, ఎవరు దారి చూపించారు. ‘చాలా అందంగా ఉంది’ అని మాత్రం నోట్సులో రాయకండి. ఆర్నెల్ల తర్వాత ఆ మాట చదివితే ఏదీ గుర్తు రాదు. ‘లోయలో మేఘం మన కింద ఉంది, ఆవుల మెడల్లో గంటలు వినబడుతున్నాయి, ఆవులు కనబడట్లేదు’ అని రాసుకుంటే దృశ్యం మొత్తం తిరిగొస్తుంది.

టికెట్లు, రసీదులు, మ్యూజియం కరపత్రాలు పారేయకండి. తేదీ, టైము, సరైన పేరు వాటి మీదే ఉంటాయి. థర్మల్ కాగితం మీద వేసిన రసీదులు కొన్నాళ్లకి వెలిసిపోతాయి, ముందే ఫొటో తీసి పెట్టుకోండి.

విడిగా కెమెరా పట్టుకెళ్తే దాని గడియారాన్ని వెళ్లిన దేశం టైముకి మార్చుకోండి. ఫోన్ తనంతట తనే మారుతుంది, చాలా కెమెరాలు మారవు. నేపాల్ మనకంటే 15 నిమిషాలే ముందు కాబట్టి పెద్ద తేడా తెలియదు. అదే అమెరికా వెళ్లొస్తే మాత్రం ఫోన్ ఫొటోలు, కెమెరా ఫొటోలు కలిపి పేర్చినప్పుడు పగలు తీసినవి అర్ధరాత్రిలో తేలతాయి.

3. తిరిగొచ్చాక ఒక దారం పట్టుకోండి

వచ్చిన మర్నాడే రాయడానికి కూర్చోవద్దు. బట్టలు ఉతుక్కోండి, నిద్ర తీర్చుకోండి. ఈలోపు ఇంట్లోవాళ్లో స్నేహితులో ‘ఎలా జరిగింది ట్రిప్పు?’ అని అడుగుతారు కదా, అప్పుడు మీరు అన్నిటికంటే ముందు ఏం చెప్పారో గమనించండి. ఇద్దరు ముగ్గురికి చెప్పేసరికి ఒక విషయం పదే పదే ముందుకొస్తుంది. ఎంత పేరున్న కట్టడం చూసొచ్చినా, నోరు తెరవగానే బస్టాండులో సామాను పోయి దొరికిన కథే వస్తోందంటే, మీ రాత అక్కడే ఉంది.

వారం రోజుల యాత్రలో జరిగిన ప్రతిదీ రాస్తే పచారీ చీటీలా తయారవుతుంది. ఒక దారం కావాలి. అది ఒక ప్రశ్న కావచ్చు: ఎనభై దాటిన అమ్మని ఇంత దూరం తీసుకెళ్లగలమా? ఒక మనిషి కావచ్చు: మూడు రోజులు మనతో తిరిగిన డ్రైవరు. ఒక వస్తువో, ఒక రైలు మార్గమో, ఒక భయమో కూడా కావచ్చు. దారం దొరికాక నోట్సులోని ప్రతి సంగతినీ దాని పక్కన పెట్టి చూడండి. అతకనిది ఎంత బాగున్నా పక్కన పెట్టాల్సిందే. పారేయనక్కర్లేదు, ఇంకో రాతకి పనికొస్తుంది. ఒక యాత్ర నుంచి ఒకటే వ్యాసం రావాలన్న రూలేమీ లేదు.

పొడుగాటి యాత్ర అయితే చాలామంది ‘మొదటి రోజు’, ‘రెండో రోజు’ అని భాగాలు చేస్తారు. నాకది నచ్చదు. రోజులన్నీ సమానంగా ఉండవు. నాలుగో రోజంతా హోటల్ గదిలో వాన చూస్తూ కూర్చుంటే దానికీ ఓ భాగం ఎందుకు? చోటు చొప్పునో, మనుషుల చొప్పునో విడగొట్టండి.

4. మొదలు ఎక్కడ?

ఎయిర్‌పోర్టులో మొదలుపెట్టకండి. అలారం మోతతో, క్యాబ్ డ్రైవరుతో, చెకిన్ కౌంటర్‌తో కూడా వద్దు. అక్కడేదైనా నిజంగా జరిగి ఉంటే తప్ప. అలాగే ‘ప్రయాణాలంటే నాకు చిన్నప్పటి నుంచి ఇష్టం’ అనే పేరా కూడా కొట్టేయండి. ఇష్టం లేకపోతే వెళ్లరు కదా!

మీ దారం ఎక్కడ బిగుసుకుంటుందో ఆ చోట మొదలుపెట్టండి. సరిహద్దు దగ్గర ఇమిగ్రేషన్ అధికారి పాస్‌పోర్ట్ పేజీలు తిప్పుతూ ఒక పేజీ దగ్గర ఆగిపోయిన క్షణం, కొండ దారిలో బస్సు ఆగి కండక్టరు కిందికి దిగిన క్షణం. ఏ ఊరు, ఏ నెల, ఎవరెవరు వెళ్లారన్నది రెండో మూడో పేరాలో చెప్పేయండి. ఎక్కువసేపు దాచొద్దు, చదివేవాళ్లకి చికాకు పుడుతుంది.

5. దగ్గరగా చూపించడం

మార్గదర్శి మొత్తంలో కాస్త ఎక్కువసేపు ఆగాల్సిన చోటిది. ముందు ఈ నమూనా చదవండి:

‘సాయంత్రం ఇస్తాంబుల్‌లో ఫెర్రీ ఎక్కి బాస్ఫరస్ జలసంధి దాటాము. రెండు ఖండాల నడుమ సాగే ఈ ప్రయాణం మాటల్లో చెప్పలేని మధురానుభూతి. సూర్యాస్తమయ దృశ్యం కనువిందు చేసింది. ప్రతి ఒక్కరూ జీవితంలో ఒక్కసారైనా చూసి తీరాలి.’

ఇందులో తప్పేమీ లేదు. కానీ రాసినాయన ఆ ఫెర్రీ ఎక్కాడో లేదో కూడా తెలియదు. ఎక్కకుండానే ఈ నాలుగు వాక్యాలూ రాయొచ్చు. ఇప్పుడిది చదవండి:

‘ఎమినోనులో ఫెర్రీ ఎక్కితే కాసేపట్లో ఆసియా ఒడ్డున కడికోయ్‌లో దిగొచ్చు. ఖండం మారుతున్నామని మేమంతా ఫోన్లు పట్టుకుని రెయిలింగ్ దగ్గర నిలబడ్డాం. సీగల్ పక్షులు మాతో పాటే ఎగురుతూ వస్తున్నాయి. మిగతా జనం తల కూడా ఎత్తలేదు. ఒకాయన బూట్లు విప్పి ఎదుటి బెంచీ మీదికి కాళ్లు చాపుకుని నిద్రపోతున్నాడు. యూనిఫామ్‌లో ఉన్న పిల్ల ఒళ్లో పుస్తకం పెట్టుకుని లెక్కలు చేసుకుంటోంది. ఒడ్డుకి ఇంకో బారెడు నీళ్లుండగానే ఆఫీసు బ్యాగుల వాళ్లు చకచకా దూకేశారు. దిగడానికి చెక్క వేసేదాకా ఆగి దిగింది మేమొక్కళ్లమే.’

‘మధురానుభూతి’ అన్న మాట లేదు, సూర్యాస్తమయం లేదు. అయినా మనకి అబ్బురమైనది అక్కడివాళ్లకి రోజూ చేసే ప్రయాణమన్న సంగతి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. చూసినవాళ్లు మాత్రమే రాయగలిగిన వివరాలు రెండు మూడుంటే చాలు, చదివేవాళ్లు మిమ్మల్ని నమ్ముతారు. ఆ బారెడు నీళ్లే దీంట్లో అసలు సరుకు.

మీ డ్రాఫ్ట్‌లో అద్భుతం, అపురూపం, మంత్రముగ్ధం, కనులపండువ, వర్ణనాతీతం లాంటి మాటల కింద గీత గీయండి. గీత పడ్డ ప్రతిచోటా మిమ్మల్ని మీరే అడగండి: ఏం చూసి అలా అనిపించింది? ఆ చూసినదాన్ని రాసి ఈ మాట తీసేయండి. అన్నీ తీసేయక్కర్లేదు. ఒకటి రెండు మిగిలితే వాటికి బలం ఉంటుంది.

అలాగని ప్రతి నిమిషాన్నీ ఇలా దగ్గరగా చూపించాలనుకుంటే వ్యాసం కదలదు. ముఖ్యమైన రెండు మూడు ఘట్టాల దగ్గర ఆగి, మిగతాది గబగబా దాటేయండి. ‘ఆ తర్వాత రెండు రోజులూ వానే’ అంటే రెండు రోజులు అయిపోయినట్టే.

చరిత్ర కలపడంలో కూడా ఇదే కిటుకు. ధనుష్కోడి వెళ్లొచ్చినవాళ్లు చాలామంది మొదట రెండు పేరాల చరిత్ర దించి, ఆ తర్వాత తాము చూసింది మొదలుపెడతారు. చరిత్ర ఒక చోట, చూపు ఒక చోట అయిపోతాయి. దాన్ని కంటికి కనబడిన వస్తువు పక్కనే పెట్టి చూడండి: ‘పైకప్పు లేని చర్చి గోడ నీడలో గవ్వలు, శంఖాలు పరిచి అమ్ముతున్నారు. 1964 డిసెంబరు తుపాను ఈ ఊరిని తుడిచిపెట్టిన రాత్రి, ఇక్కడికి వస్తున్న ప్యాసింజర్ రైలు జనంతో సహా సముద్రంలో కలిసిపోయింది.’ గవ్వల తర్వాత వచ్చిన ఆ రెండో వాక్యం, విడిగా చెబితే ఇంత బరువుగా ఉండదు.

6. మనుషుల గురించి రాసేటప్పుడు

కొండలు, కోటల మీద ఏం రాసినా ఎవరికీ నష్టం లేదు. మనుషుల సంగతి వేరు.

‘అక్కడి వాళ్లంతా చాలా క్రమశిక్షణ గలవాళ్లు’, ‘అక్కడ అందరూ మోసగాళ్లే’ లాంటి మాటలు పదిమందిని చూసి కోట్లమంది మీద రుద్దడమే. పొగడ్త అయినా అంతే. ‘మాకు తగిలిన టాక్సీ అతను’ అని మొదలుపెట్టండి, వాక్యం దానంతటదే నిజంలోకి వస్తుంది. మన దేశంలోనే వేరే రాష్ట్రం వెళ్లినప్పుడు ఈ పొరపాటు ఇంకా ఎక్కువ దొర్లుతుంది. మనకి తెలిసినవాళ్లే అనుకుంటాం కాబట్టి.

భాష రాని చోట సంభాషణ ఎలా జరిగిందో చెప్పండి. ఫోన్‌లో అనువాదం పెట్టారా, సైగలు చేశారా, మధ్యలో ఎవరైనా చెప్పారా? వచ్చీరాని ఇంగ్లిష్‌లో మాట్లాడినవాళ్ల మాటల్ని వెక్కిరింపుగా రాయకండి. వాళ్లు చెప్పదలచుకున్నదాన్ని శుభ్రమైన తెలుగులో పెట్టండి. వాళ్ల భాషలో మనం మాట్లాడింది వాళ్లకెలా వినబడి ఉంటుందో ఆలోచిస్తే చాలు!

అసలు పేర్లు వాడే ముందు అడగండి, అడగలేకపోతే పేరు లేకుండానే రాయండి. గైడో, దుకాణదారో మాటల సందర్భంలో తమ ప్రభుత్వాన్ని తిడితే, ఆ మాట ఫలానావారు అన్నారని ఫొటోతో సహా పెట్టడం వాళ్లకి ముప్పు తేవచ్చు. మీరు ఇంటికొచ్చేశారు, వాళ్లు అక్కడే ఉంటారు. మీ విషయంలోనూ జాగ్రత్త అవసరం. థాయ్‌లాండ్‌లో రాజకుటుంబాన్ని అవమానించడం నేరం, 15 ఏళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. అక్కడ ఉండగా సరదాగా పెట్టిన పోస్టు సరదాగా ఉండకపోవచ్చు.

మీతో వచ్చినవాళ్లని మర్చిపోకండి. బావగారి గురక, వదినగారి కొండ భయం మీకు హాస్యంగా ఉండొచ్చు. ప్రచురించే ముందు ఆ భాగం వాళ్లకి చూపించండి.

7. సమాచారం సరిచూసుకోవడం

మీరు వెళ్లినప్పటి రూలు, చదివేనాటి రూలు ఒకటి కాకపోవచ్చు. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఫీజు పెద్దలకి 80 యూరోలుండేది, 2024 జూన్ 11 నుంచి 90 అయింది. వెనిస్‌లో ఆ రోజే వచ్చి ఆ రోజే వెళ్లిపోయే పర్యాటకుల దగ్గర కొన్ని రోజుల్లో ప్రవేశ రుసుము వసూలు చేయడం 2024 ఏప్రిల్ 25న మొదలైంది. భూటాన్ భారతీయులు కాని పర్యాటకుల నుంచి రోజుకింతని తీసుకునే రుసుమును 2022 సెప్టెంబరులో 200 డాలర్లు చేసింది, ఏడాది తిరక్కుండా సగానికి తగ్గించింది. ఆస్ట్రేలియాలోని ఉలూరు కొండ ఎక్కడం 2019 అక్టోబరు 26 నుంచి నిషేధం. మన దగ్గర మణిపూర్‌కి ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటి రాష్ట్రాలవాళ్లు వెళ్లడానికి తీసుకోవాల్సిన అనుమతి) 2019 డిసెంబరులో వచ్చింది, అంతకుముందు వెళ్లొచ్చినవాళ్లకి దాని ఊసే తెలియదు.

అందుకని రూళ్లూ రేట్లూ కథలో కలపకండి. వ్యాసం చివర విడిగా పెట్టి, పైన ‘మేం ఫలానా నెలలో వెళ్లినప్పటి వివరాలివి’ అని రాయండి. ఆ దేశం అధికారిక వెబ్‌సైట్ ఒకసారి చూసి సరిపోల్చండి. గైడ్ చెప్పిన కథ అయితే ‘గైడ్ చెప్పాడు’ అనే రాయండి. రాణిగారి సొరంగాలు, శిల్పి చేతులు నరికించిన రాజులు దాదాపు ప్రతి కోట దగ్గరా వినిపిస్తాయి. కథగా చెప్పడం తప్పు కాదు, చరిత్రగా చెబితేనే తప్పు.

ఖర్చు చెప్పేటప్పుడు మొత్తం ఒకేసారి చెప్పినందువల్ల ఉపయోగం లేదు. ‘ఇద్దరికి లక్షన్నర అయింది’ అంటే విమానం ఎంత, బస ఎంత, షాపింగ్ ఎంతో ఎవరికి తెలుసు? విడివిడిగా చెప్పండి, ఎంతమందికో చెప్పండి. అక్కడి కరెన్సీలో రాసి, పక్కనే ఆనాటి లెక్కన రూపాయల్లో ఎంతో చెప్పండి. హోటల్‌వాళ్లో ట్రావెల్స్‌వాళ్లో ఉచితంగా ఇస్తే ఆ మాట మొదట్లోనే చెప్పేయాలి. చివర్లో చిన్న అక్షరాల్లో చెబితే చెప్పనట్టే లెక్క.

ఊళ్ల పేర్లు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా రాయండి. రెండో పేరాలో ఒకలా, ఆరో పేరాలో ఇంకోలా ఉంటే రెండూళ్లనుకుంటారు.

8. ఫొటోలు

వందల ఫొటోల్లోంచి పది ఎంచుకోవడం రాయడం కంటే కష్టం. నా పద్ధతి ఒకటే: ఇంటర్నెట్‌లో దొరికే ఫొటో తీసేస్తాను. తాజ్‌మహల్ ఎదురుగా తీసింది కోట్లమంది దగ్గరుంది. దాని ముందు నీడలో కూర్చుని పాదాలు నొక్కుకుంటున్న పెద్దాయన ఫొటో మీ దగ్గరే ఉంటుంది. ముఖం కనబడకుండా తీస్తే ఇంకా మంచిది. క్యాప్షన్‌లో ఫొటోలో కనబడేదే మళ్లీ చెప్పకండి. కనబడనిది చెప్పండి: టైము, చలి ఎంత, ఫ్రేము బయట ఏముంది.

ఇక జాగ్రత్తలు. బోర్డింగ్ పాస్ ఫొటో పెట్టకండి. పేరు, పీఎన్‌ఆర్ నంబరు కనబడతాయి, బార్‌కోడ్‌లోనూ అవే ఉంటాయి. పీఎన్‌ఆర్, ఇంటిపేరు తెలిస్తే చాలా విమాన సంస్థల సైట్లలో మీ బుకింగ్ తెరవొచ్చు, తిరుగు టికెట్టు కూడా మార్చేయొచ్చు. పాస్‌పోర్ట్, వీసా స్టిక్కర్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఫోన్‌తో తీసిన ఫొటోలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఎక్కడ తీశారో జీపీఎస్ అంకెలతో సహా ఫైల్లోనే ఉండిపోతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరాలు రాలిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. ప్రచురించే ముందు వాటిని తీసేయండి. ముఖ్యంగా ఎవరింట్లోనైనా దిగినప్పుడు, అరుదైన పక్షి గూడో జంతువో కనబడినప్పుడు.

తీయకూడని చోట్లు ఉన్నాయి. వాటికన్ సిస్టీన్ చాపెల్‌లో ఫొటోలు నిషేధం, తాజ్‌మహల్ లోపల సమాధుల గదిలోనూ అంతే. అండమాన్‌లో జారవా ఆదివాసుల ఫొటో, వీడియో తీయడం చట్టరీత్యా నేరం. ఆ తెగల రక్షణకి 1956 నుంచే ప్రత్యేక నిబంధనలున్నాయి. యుఏఈలో అనుమతి లేకుండా మనుషుల్ని ఫొటో తీసి పెట్టడం గోప్యతా చట్టం కిందికి వస్తుంది. మొరాకోలో పర్యాటకుల డ్రోన్లని కస్టమ్స్ దగ్గరే ఆపేస్తారు. సైనిక స్థావరాలు, సరిహద్దు చెక్‌పోస్టులు ఏ దేశంలోనైనా వద్దు. తీయడం కుదరనప్పుడు రాయండి. ఫొటో లేని చోటే రాత బాగా వస్తుంది, ఎందుకంటే అక్కడ తప్పించుకోవడానికి వీలుండదు.

పిల్లల ఫొటోల దగ్గర నేను కాస్త మొండిగా ఉంటాను. తల్లిదండ్రుల్ని అడగకుండా వద్దు. ‘పేదరికంలోనూ చిరునవ్వు’ అనే క్యాప్షన్ అసలే వద్దు.

9. నోటితో చెప్పేటప్పుడు, వీడియోలో చెప్పేటప్పుడు

ఇంట్లో టీవీకి ఫోన్ తగిలించి రెండు వందల ఫొటోలు చూపిస్తే బంధువులు మర్యాదకి కూర్చుంటారు. ఇరవైకి తగ్గించి, మూడు కథలు చెప్పి ఆపేయండి. వాళ్లే అడుగుతారు, అప్పుడు మిగతావి చెప్పొచ్చు. ప్రశ్నలు రావడమే కొలమానం.

వీడియో తీసేవాళ్లు ఎదురుగా చూస్తున్నది మాటల్లో మళ్లీ చెప్పకుండా ఉంటే సగం పని అయినట్టే. గాలి చప్పుడు మాటల్ని మింగేస్తుంది కాబట్టి వ్యాఖ్యానం గదికొచ్చాక విడిగా రికార్డు చేసుకోండి. అక్కడి అసలు చప్పుళ్లు మాత్రం కొన్ని సెకన్లు అలాగే వదిలేయండి.

10. ప్రచురించే ముందు, ఆ తర్వాత

డ్రాఫ్ట్‌ని రెండు మూడు రోజులు పక్కన పెట్టి పైకి చదవండి. నోరు తిరగని చోట వాక్యం విరగ్గొట్టండి. ‘దర్శించుకున్నాము’, ‘తిలకించాము’, ‘ఆస్వాదించాము’ అని వస్తుంటే, ఇంట్లో ఇలాగే మాట్లాడతారా అని చూసుకుని ‘చూశాం’ అని మార్చేయండి. గుడికి వెళ్లినప్పుడు ‘దర్శించుకున్నాం’ సహజమే, షాపింగ్ మాల్‌ని మాత్రం ఎవరూ దర్శించుకోరు.

ముగింపు దగ్గర చాలామంది తడబడతారు. ఇంటికి చేరాం, ఈ యాత్ర మాకెంతో నేర్పింది, అందరూ వెళ్లండి... ఈ మూడింట్లో ఏదీ అక్కర్లేదు. మీ దారం ఎక్కడ తెగిందో అక్కడే ఆపండి. ఇంటికి వచ్చారని చదివేవాళ్లకి తెలుసు, రాకపోతే రాసి ఉండరు.

ఇంటికి తిరిగొచ్చాకే ప్రచురించండి. దారిలో ఉండగా పెట్టే ప్రతి పోస్టూ ఇంటికి తాళం వేసి ఉందని చెప్పే నోటీసే. ఒంటరిగా తిరిగేవాళ్లయితే, ఇప్పుడు ఏ హోటల్లో ఉన్నారో ఊరందరికీ చెప్పినట్టు. ఇంట్లోవాళ్లకి మాత్రం ఎప్పటికప్పుడు లొకేషన్ పంపండి, అది వేరే సంగతి.

ప్రచురించాక ఎవరో ఒకరు తప్పు చూపిస్తారు. ఆ కోట కట్టింది ఫలానా రాజు కాదనో, ఆ బస్సు ఇప్పుడు నడవట్లేదనో అంటారు. వాదించకుండా సరిచూడండి. వాళ్లు చెప్పింది నిజమైతే వ్యాసంలో దిద్ది, ఏం మార్చారో, ఏ తేదీన మార్చారో కింద ఒక లైను రాయండి. బస్సు టైములు, రేట్లు పెట్టినవాళ్లు ఏడాదికోసారి ఆ భాగం మళ్లీ చూసుకోవాలి. చూసే ఓపిక లేకపోతే ఆ భాగం తీసేయడమే నయం.